ప్రార్థనకు ముందు అడగాల్సిన మాట

2022. మున్సిపాలిటీ ఎన్నికల ముందు బెంగాల్‌లోని మా ఖరగ్‌పూర్ మైకులతో హోరెత్తిపోతున్న రోజులు. పూరీ గేట్ దగ్గరి ఒక నర్సింగ్ హోమ్‌లో కాన్పుల వార్డు నర్సుని నేను. మా తెలుగు చర్చి సంఘం పెద్ద దేవదానంగారు (పేర్లు మార్చాను) కౌన్సిలర్‌గా నిలబడ్డారు. మనిషి మంచివారే, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుంటారు. మైకు పట్టుకుంటే మాత్రం ఒకటే పాట: పెళ్లి పెద్దలే కుదర్చాలి, పెళ్లయ్యాక ఆడపిల్ల మంచీచెడూ అత్తింటివాళ్లే చూడాలి, గర్భం తీయించడం హత్య. వింటుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం సుభాష్‌పల్లి నుంచి కరుణను తీసుకొచ్చారు. అయిదో నెల. ఉమ్మనీరు పోయి జ్వరం పట్టుకుంది. బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది గాని, ఆ నెలలో బయటికొస్తే బతకదు. లోపలే ఉంచితే విషం తల్లి రక్తంలోకి ఎక్కుతుంది. దాన్నే సెప్సిస్ అంటాం. ఎంటీపీ, అంటే గర్భం తీసేయడం, ఒక్కటే దారి.

"సిస్టర్, దేరీ మత్ కరో," ఆలస్యం చేయొద్దని తొందరపెట్టారు మా బెంగాలీ డాక్టరమ్మ.

కరుణ భర్త రైలింజన్ నడిపే అసిస్టెంట్ లోకో పైలట్. డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఆపేసి ఉంది. అత్తగారు సుశీలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెద్దయ్యగోరు వొచ్చి ప్రార్దన సేసినాకే ఏటైనా. అంతవరకూ ముట్టుకోకండి!"

చట్టప్రకారం కరుణ కన్సెంట్, అంటే ఆమె ఒప్పుకోలు, ఒక్కటే చాలు. భర్త సంతకం కూడా అక్కర్లేదు. కానీ ఆ పిల్ల అత్త ముఖం చూస్తూ నోరు మెదపడం లేదు.

దేవదానంగారు ప్రచారం కండువాతోనే వచ్చారు. అందరూ మంచం చుట్టూ తలలు వంచారు. రోగి దేనికోసం ప్రార్థించమంటారో అడిగాకే పెద్దలు మొదలుపెట్టడం మా సంఘం పద్ధతి. ఆ కంగారులో ఆయన అత్తగారి వైపు తిరిగారు.

"ఏటమ్మా, బిడ్డ నిలబడాలనేనా?"

నాకు కోపం ఆగలేదు. "పెద్దయ్యగోరూ, జొరం ఆవిడకా, ఈ పిల్లకా? ఎవులికోసం సేస్తన్నారో ఆలనే అడగండి."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా పద్ధతి పద్ధతే. మంచం మీదికి వంగారు.

"సెప్పమ్మా, ఏటని సెయ్యమంటావు?"

"నాను బతకాలని సెయ్యండి," అంది కరుణ. "ఇంటికాడ నా పాప ఉంది. డాక్టరమ్మ సెప్పినట్టే సేయించుకుంటాను."

ఆయన కళ్లు మూసుకుని అదే ప్రార్థించారు. సుశీలమ్మ పక్కకు జరిగింది.

కరుణ బతికింది. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఇంతగా గర్వపడిన రోజు లేదు. చుట్టూ ఎంతమంది పెద్దలున్నా ముందు మంచం మీది మనిషినే అడగాలని ఆ కేసు నేర్పింది. ఇప్పుడు కొత్త నర్సులకు నేను మొదట చెప్పేది అదే.

దేవదానంగారి ఉపన్యాసం మాత్రం మారలేదు. పోలింగ్ ముందు నేను కరుణను చూడడానికి వెళ్లినప్పుడు ఆయన వాళ్ల గుమ్మంలోనే ఉన్నారు.

"మీ ఇంటి ఓట్లన్నీ నాకే గదా, సుశీలమ్మా?"

కరుణ పాపను చంకనెత్తుకుని ముందుకొచ్చింది.

"నా ఓటు నన్నడగండి, పెద్దయ్యగోరూ."

ఆయన చేతులు జోడించి అడిగారు. ఆలోచించి వేస్తానంది.