రాజుగారి మోటారుకి నేను బిగించిన బొత్తాం

మొన్న మా రెండోవాడు కొత్త మోటారుకారు తెచ్చి గుమ్మం ముందు ఆపి, "నాన్నగారూ, ఒక్కసారి మీ చేత్తో నొక్కండి" అంటూ నన్ను ముందు సీట్లో కూలేశాడు. ఎదురుగా వేలి కొసంత బొత్తాం ఉంది. నొక్కాను, ఇంజను బుర్రుమంది. వాడి మొహం చూడాలి, ఆ ఇంజనుని వాడే కనిపెట్టినట్టు! "ఏడిశావులే, ఇలాంటిది నువ్వు పుట్టకముందే నేను బిగించాను" అన్నాను. నవ్వాడు గాని నమ్మలేదు. నమ్మకపోతే పోనీ. ఇది వాడికోసం రాయడం లేదు, మోటారు ముందు నిలబడి ఇనప హ్యాండిలు తిప్పి తిప్పి రెక్కలు పడిపోయిన నా ఈడువాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ హ్యాండిలు ఎదురుతన్నితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నిడదవోలు స్టేషనులో తంతి యంత్రాలు బాగుచేసే పని. మా అక్కని రాజమహేంద్రవరంలో ఇచ్చారు. మా బావ అక్కడొక రాజుగారి దగ్గర మోటారు నడిపేవాడు. ఆ రోజుల్లో మోటారు నడిపేవాడంటే మాటలా! బావ వీధిలో నడిచొస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచి పలకరించేవారు. ఇంతకీ ఆ మోటారు కొత్తదేమీ కాదు, మద్రాసులో ఇద్దరు యజమానుల చేతులు మారి, రైలెక్కి గోదావరి దాటొచ్చిన ముసలిది. పైన గుడ్డ టాపు, పక్కన ఇత్తడి దీపాలు, ముందు ఆ పాడు హ్యాండిలు. పొద్దున్నే దాన్ని లేపడం అలిగిన పెళ్ళికొడుకుని బతిమాలడం లాంటిదే.

ఆ ఏడు శ్రావణంలో అది ఎదురుతన్నింది. బావ కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. నెలన్నర పోయాక కట్టు విప్పిన ఆస్పత్రి డాక్టరు, స్టీరింగు పట్టుకోడానికి ఈ చెయ్యి పనికొస్తుందిగాని హ్యాండిలు తిప్పడానికి ఇక ఈ జన్మలో పనికిరాదని తేల్చేశాడు. రాజుగారు కఠినులని అనను, మంచి మనిషే. కాని ఆయన రోజూ బావనొక్కణ్ణే వెంటపెట్టుకుని కాలవగట్ల మీద పొలాలకి పోయేవారు, మధ్యదారిలో ఇంజను ఆగిపోతే తిప్పేదెవరు? ఆయన తిప్పుతారా? అందుకని దసరా వెళ్ళాక మద్రాసునించి వేరే మనిషిని రప్పిస్తున్నామని మెల్లిగా చెప్పి, బావకి తోటపని ఇప్పిస్తామన్నారు. మోటారు నడిపినవాడు వంగతోటకి నీళ్ళు పెట్టడమే!

కబురు విని నేను వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే పట్టుకుంది. "నేను ముద్దలు కలిపి పెడుతుంటే తినకుండా గోడకేసి చూస్తున్నార్రా. ఈ మనిషిని ఇలా నేనెప్పుడూ చూళ్ళేదు" అంది. మా అక్క చిన్న విషయానికి కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి కాదు.

భోజనాలయ్యాక బావ మాటల్లో ఒక సంగతి బయటపడింది. "దాన్ని తిట్టకోయ్, మంచి ఇంజను అది. వేడి మీదున్నప్పుడు ఆపి, మళ్ళీ కరెంటు మీట వేస్తే ఒక్కోసారి హ్యాండిలు ముట్టుకోకుండానే లేచేది" అన్నాడు. ఎగిరి గంతేశాననుకోండి. లోపల కాస్త పెట్రోలు ఆవిరి మిగిలివుంటే, దానికి సమయానికొక నిప్పురవ్వ అందితే చాలన్నమాట! ఇంజను సంగతి బావకి తెలుసు, తీగా నిప్పురవ్వా నా పని. ఇంకేం కావాలి?

రాజుగారి మేడలో నౌకర్లని పిలవడానికి కరెంటు గంటలుండేవి. పై గదిలో గంట ఎంత కొట్టినా ఎవడూ పలక్కపోవడంతో ఆయన దాన్ని వదిలేశారు. దాని బొత్తాం ఇప్పించమని బావ అడిగితే, దీంతో ఏం చేస్తారయ్యా అని నవ్వి ఇచ్చేశారు. పింగాణీ బిళ్ళ, మధ్యలో దంతపు బొత్తాం, లోపల రెండు ఇత్తడి రేకులు. బొత్తాం నొక్కితే రేకులు కలుస్తాయి, కలిస్తే బ్యాటరీ నించి కరెంటు పోయి ఇంజనులో రవ్వ పడుతుంది. ఆపడానికింకోటి కర్రతో నేనే చెక్కాను, అది నొక్కితే రవ్వ పడకుండా పోయి ఇంజను ఆగుతుంది. ఇప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పేశాను గాని, నాలుగు ఆదివారాలు పట్టింది. నూలు చుట్టిన తీగని మైనంలో ముంచి మోటారు అడుగుబల్ల కింద నించి లాగడం, గోతిలో పడ్డప్పుడల్లా ఊడొచ్చే మరలని మళ్ళీ బిగించడం. ఒకసారి ఒక తీగకి బదులు ఇంకోటి పట్టుకుని, షాకు కొట్టి, పెద్ద కేకపెట్టి వెల్లకిలా పడ్డాను. చెయ్యి విరిగాక మా బావ నవ్వడం అదే మొదలు. ఇంకోసారి పడమన్నా పడేవాణ్ణే.

ఆపే ముందు పెట్రోలు మీట కాస్త లాగి ఆపితే ఇంజనులో ఆవిరి నిలుస్తుందని, అప్పుడు బొత్తాం నొక్కగానే లేస్తుందని బావ కనిపెట్టాడు. అంతా బాగానే ఉంది గాని, ఒక్కటే చిక్కు. రాత్రంతా చల్లారిన ఇంజను పొద్దున్నే మాత్రం, మేమెన్ని దణ్ణాలు పెట్టినా, బొత్తానికి లేవలేదు. మొదటిసారి హ్యాండిలు తిప్పి వేడెక్కించాల్సిందే. నేను తిప్పుదామంటే నిడదవోల్లో ఉద్యోగం. ఇద్దరం తలలు పట్టుకుని కూర్చున్నాం.

మోటారు పెట్టే సావిడిలోనే గుర్రబ్బండి తోలే తాత ఒకడుండేవాడు. మోటారు వచ్చాక రెండు గుర్రాల్లో ఒకటి అమ్ముడైపోయింది, అప్పటినించి అతనికి ఆ మోటారంటే ఒళ్ళుమంట, దాని వంక చూసి ఉమ్మేసేవాడు. నాలుగు వారాలూ మమ్మల్ని ఓరగా చూస్తూ గుర్రానికి మాలీసు చేసుకున్నాడు. అలాంటివాడు ఆవేళ లేచొచ్చి, "ఏంటండీ, దీన్ని తిప్పాలా?" అని, తలగుడ్డ బిగించి, నాలుగు తిప్పుల్లో లేపేశాడు. మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. "గుర్రం కాలిరిగితే నేను వదిలేశానేంటండి? మనిషి చెయ్యిరిగితే వదిలేత్తానా? రోజూ పెందరాళే వచ్చి తిప్పిపోతాను, అయ్యగారికి చెప్పకండేం" అన్నాడు. బావ అతని చేతులు పట్టుకున్నాడు.

ఆయుధపూజనాడు పరీక్ష. హ్యాండిలు ముట్టకుండా మోటారు లేస్తే బావనే ఉంచుతామని రాజుగారు మాటిచ్చారు. తాత సావిట్లో మోటారు లేపాడు, బావ నడుపుకొచ్చి మేడముందు పద్ధతి ప్రకారం ఆపాడు. రాజుగారి తల్లిగారు, ఆ వయసులో ఘోషా కాస్త సడలించుకున్న పెద్దావిడ, పళ్ళెం పట్టుకుని మెట్లు దిగి, చక్రాలకీ దీపాలకీ స్టీరింగుకీ పసుపు రాసి బొట్లు పెట్టారు. నేను అప్పుడే పక్కనున్న జనానికి నా తీగల మహిమ వర్ణిస్తూ ఆవిడ చేతివంక చూళ్ళేదు. ఏం మనిషినండీ! రాజుగారొచ్చి కూర్చున్నారు. బావ దేవుడికి దణ్ణం పెట్టుకుని బొత్తాం నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. బావ మొహంలో నెత్తురుచుక్క లేదు.

పరుగున వెళ్ళి వంగి చూద్దునుగదా, దంతపు బొత్తాం చుట్టూ ముద్దగా పసుపు, పైన రూపాయంత కుంకుమబొట్టు! కొత్త ఆయుధం కదా అని పెద్దావిడ ప్రేమగా దండిగా పెట్టారు. పసుపు లోపలి రేకుల మధ్యకి దిగి పేరుకుపోయింది. తుడిస్తే అయిపోతుంది. కాని ఆయుధపూజ పూట, పెట్టినావిడ ఎదుటే, బొట్టు తుడిచేదెవరు? నా చెయ్యి జేబులో గుడ్డ మీదే బిగుసుకుపోయింది. రాజుగారు గడియారం తీసి చూసుకుంటున్నారు. ఇంకో నిమిషం ఆగితే దిగిపోతారు, బావ పని వంగతోటకే.

అప్పుడు జనంలోంచి మా అక్క ముందుకొచ్చింది. పెద్దావిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, "అమ్మగారండీ, మీ చేత్తో పెట్టిన పసుపుకుంకం ఈ సీమ బొత్తానికేం తెలుసండీ? అది నాకిప్పించండి" అంది. పెద్దావిడ ఒక్క క్షణం మా అక్కనీ బావ చేతినీ చూసి, తీసుకో తల్లీ అన్నారు. అక్క ఆ కుంకం వేలితో తీసి నుదుట పెట్టుకుంది. పసుపు పుల్లతో గీరి గీరి, ఒక్క చుక్క కింద పడకుండా, తన మంగళసూత్రాలకి రాసుకుంది. నేను బిళ్ళ విప్పి రేకులు గరుక్కాయితంతో రుద్ది మళ్ళీ బిగించాను.

బావ నొక్కాడు. ఇంజను ఒక్కసారిగా లేచింది. జనం చప్పట్లూ కేకలూ, రాజుగారు "భేష్!" అనడం, మోటారు కదిలి గేటు దాటడం. నేను వీధిలో గంతులేశానని తరవాత అక్క చెప్పి నవ్వేది. మద్రాసు మనిషికి రావద్దని ఆ సాయంత్రమే తంతి వెళ్ళింది.

ఆ తరవాత పన్నెండేళ్ళు బావ ఆ ఇంట్లో మోటారే నడిపాడు. రోజూ పెందరాళే తాత వచ్చి తిప్పేవాడు, తాతకి ఒంట్లో బాగుండనినాడు వంటవాడు తిప్పేవాడు, వాడూ లేనినాడు అక్కే కొంగు బిగించేది. ఇదంతా రాజుగారికి తెలియకుండా నడుపుతున్నామని మా గొప్ప. ఆయన పోయాక పెద్దావిడ చెప్పారు. ఆయన రోజూ కోటు తొడుక్కుని తయారై కూడా మేడమీదే నిలబడేవారట, సావిట్లో ఇంజను లేచి, వేడెక్కి, ఆగేదాకా. ఆ తరవాత గట్టిగా దగ్గి మెట్లు దిగేవారట.

మా వాడి మోటారు మంచిదే, ఎండకీ చలికీ ఒకేలా లేస్తుంది, ఎవడి మణికట్టూ విరగదు, అందుకు సంతోషమే. కాని అప్పట్లో మా బావ ఒక్క బొత్తాం నొక్కాలంటే, సావిట్లో ఒకరు చెమటోడ్చాలి, మేడమీద ఒకరు తెలిసీ తెలియనట్టు నిలబడాలి. ఇప్పుడు బండి కదలడానికి ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు.