చెరకు చేలోంచి తిరిగొచ్చిన బాణం

మొన్న డర్బన్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాను. పసిబిడ్డకు స్నానం చేయించి మెడ మడతల్లో పౌడరు అద్దుతుంటే ఆ తెల్లటి పొడి కాసేపు గాలిలో నిలిచి, కిటికీలోంచి పడే ఎండలో మెరిసి, మెల్లగా దుప్పటి మీదికి దిగింది. అందరికీ అది పసిపిల్లల వాసన. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఎండు చెరకాకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు చెవిలో మొదలవుతుంది, వెనకనుంచి ఎవరో చూస్తున్నారేమోనని తల తిప్పి చూస్తాను.

మేముండేది స్టాంగర్ దగ్గర, చక్కెర మిల్లులో పనిచేసేవాళ్ళ ఇళ్ళ వరుసలో చిట్టచివరి ఇంట్లో. ముందు గుమ్మంలోంచి చూస్తే రోడ్డు, వెనక గుమ్మంలోంచి చూస్తే చెరకు. పెరట్లో అవ్వ వేసిన కరివేపాకు చెట్టు, మదుంబి దుంపల మడి, బట్టలారేసే తీగ, ఆ తర్వాత మనిషి పడుకునేంత వెడల్పు గట్టు, ఆ గట్టు దాటితే మనిషికి రెండింతల ఎత్తు చేను. వానాకాలంలో దానిలోంచి తడి మట్టి, పులిసిన బెల్లం కలిసిన వాసన వచ్చేది. చలికాలం మొదలైతే పైన వెండి రంగు పూలు విచ్చుకుని, గాలి లేకపోయినా తలలూపుతున్నట్టు ఉండేవి. కోతల ముందు ఎండాకు పోవడానికి ఏదో ఒక చెరకు తోట తగలబెట్టేవారు. అప్పుడు నల్లటి మసి రేకలు ఆకాశంలోంచి జారి ఉతికిన బట్టల మీద, ఎండబెట్టిన అప్పడాల మీద, మా జుట్టు మీద వాలేవి. పట్టుకుంటే వేళ్ళ మధ్య పొడైపోయేవి. ఉగాదికి అవ్వ వేపకొమ్మలు దొరక్క వేపలా ఉండే సిరింగా కొమ్మలు గుమ్మానికి కట్టి, పులిహోర కలిపి, గారెలు వేసి, మొదటి గారె చేను వైపు విసిరేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు.

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటొచ్చి మొదటి ఎన్నికలు జరిగిన ఆ ఏడాది పెద్దవాళ్ళు నెమ్మదిగా మాట్లాడేవారు. మంచాల కింద కొవ్వొత్తుల పెట్టెలు, చేపల డబ్బాలు, బియ్యం మూటలు చేరాయి. ఓట్లు వేయడం అయిపోయింది, ఏమీ కాలేదని నాయన నవ్వాడు. కానీ పార్టీల కొట్లాటల్లో కొండ లోయల్లో ఇళ్ళు కాలడం మాత్రం ఆగలేదు. పొద్దున్నే పొగ ఏ దిక్కున లేచిందో చూసి అది చెరకు పొగా, ఇంటి పొగా అని రంగును బట్టి చెప్పడం మా పిల్లలకు కూడా వచ్చేసింది. త్రీ టిన్స్ ఆడుతూ పేర్చిన డబ్బాల్ని బంతితో కొట్టినప్పుడు ఆ చప్పుడుకు అవ్వ లోపల ఉలిక్కిపడేది.

మా రాజమ్మత్త నాయనకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రిలో నర్సు. ఆ నెలల్లో ఆమె దగ్గరికి ఎలాంటి మనుషులు ఎలాంటి గాయాలతో వచ్చారో మాకెప్పుడూ చెప్పలేదు. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, టీ తాగి, క్రాస్‌బో తీసేది. ఆమెతో పనిచేసిన నర్సొకామె ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇచ్చింది అది. తుపాకీ కర్ర మీద విల్లును అడ్డంగా బిగించినట్టు ఉంటుంది. కర్ర మీద పొడుగునా ఒక గాడి, ఆ గాడిలో పొట్టి బాణం, బాణం వెనక మూడు ప్లాస్టిక్ ఈకలు. గట్టుకు ఇవతల చెరకాకు మోపు ఒకటి నిలబెట్టి, దాని మీద సున్నంతో చుక్క పెట్టి, చీకటిపడే దాకా కొట్టేది. అలా కొడుతుంటే తన చేతుల వణుకు ఆగుతుందని ఒకసారి అవ్వతో అంది.

ఆ చలికాలం బాణాలు ఎడమవైపుకు పోవడం మొదలుపెట్టాయి. ఒకటి మోపు అంచును చీల్చింది, ఒకటి గట్టు దాటి చేలోకి దూరింది, మర్నాడు ఇంకొకటి. అత్త మొదట తన చేతిదే తప్పనుకుంది. తర్వాత బాణాలన్నీ అరుగు మీద వరసగా పెట్టి వేలితో తడిమి చూస్తే, ప్రతిదానికీ ఒకే వైపు ఈక అరిగి, అంచు పీచులా లేచి ఉంది.

"పిల్లా, అవ్వ పౌడర్ తే. అడగొద్దు, తే," అంది నాతో.

తెచ్చాను. ఈకల మీద దట్టంగా పౌడరు అద్ది, గాడిలో పెట్టి, మోపుకు దగ్గరగా నిలబడి ఒక్కటి కొట్టింది. పీకి తెచ్చి ఎండకు పట్టుకుంది. రెండు ఈకలు తెల్లగానే ఉన్నాయి. మూడోదాని అడుగంచున పౌడరు లేదు, గోటితో గీకినట్టు సన్నటి గీత.

"చూడు, ఇక్కడే రాసుకుంటా ఉంది. అది పోయే దారిలో ఏదో అడ్డం."

గాడి అంచు మీద వేలు పోనిస్తే కంటికి కనపడనంత ముల్లు తగిలింది. దానికి తోడు, బాణాలు కొన్ని గాడిలో సరిగ్గా కూర్చోకుండా కొంచెం తిరిగి ఉండేవి. కింద ఉండాల్సిన ఈక గాడిలో దిగకుండా పక్కకు ఒరిగి, ఆ ముల్లుకు రాసుకుంటూ పోయేది. అత్త సన్న గరుకు కాగితంతో ముల్లు రుద్ది, మైనం పూసి, బాణాల వెనక కొనలు ఒక్కొక్కటీ తిప్పి సరిచేసింది. మళ్ళీ పౌడరు అద్ది కొట్టింది. ఈసారి మూడు ఈకలూ తెల్లగా తిరిగొచ్చాయి. ఆమె నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను. ఆమె నవ్వుతున్నప్పుడే చేలో ఎక్కడో ఎండాకు మీద అడుగు పడ్డట్టు చప్పుడైంది. ఇద్దరం అటు చూశాం. పూలు కదలడం లేదు.

మర్నాడు వెనక గుమ్మం మెట్టు మీద బాణం ఉంది. చేలో పోయినదే. దాని అరిగిన ఈకను మొదలంటా కోసేసి, ఆ చోట గినీ కోడి చుక్కల ఈక ఒకటి నిలువునా చీల్చి, ఎర్ర ఊలు దారంతో రెండు చివర్లా చుట్టి కట్టారు. ముడి చాలా చిన్నది, చాలా శుభ్రంగా ఉంది. మా ఇంట్లో ఎర్ర ఊలు లేదు. కొన్నాళ్ళకు రెండోదీ అలాగే వచ్చింది.

అవ్వ వాటిని ముట్టుకోనివ్వలేదు. "గిర్మిట్లో కూలికొచ్చి చచ్చిపోయినోళ్ళు ఆ చేలోనే తిరగతారు. నా అత్త చూసింది. పొద్దు పడితే అటు చూడొద్దు," అంది. దయ్యాలకు అందనంత ఎత్తులో ఉండాలని మంచం కాళ్ళ కింద ఇంకో వరస ఇటుకలు పెట్టించింది. నేను పక్క మీద పడుకుని, మెట్టు దాకా వచ్చి ఏ చప్పుడూ లేకుండా వంగి బాణం పెట్టే చేయి ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. దానికి ఎముకలు తప్ప ఏమీ ఉండేవి కావు.

అత్త ఒక బాణానికి కొనదాకా పౌడరు పూసి, పడిపోయినట్టు గట్టు మీద వదిలింది. మర్నాడు అది కూడా మెట్టు మీదికి వచ్చింది. పౌడరు మీద వేలి గుర్తులు మూడు, స్పష్టంగా, గీతలతో సహా. అత్త నన్ను పిలిచి, నా వేళ్ళు వాటి మీద ఆనించింది. సరిగ్గా సరిపోయాయి.

"దయ్యానికి వేళ్ళు ఉండవు, అమ్మా," అంది అవ్వతో. తర్వాత అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ మోపు వెనక ఎన్నాళ్ళనుంచో ఎవరో ఉన్నారు. బాణాలు వాళ్ళ మీదికే పోయాయి. ఆ రోజునుంచి అత్త విల్లు ముట్టలేదు. గట్టు మీద రొట్టె, పప్పు పెట్టి గిన్నె మూత వేసి వచ్చేది. గిన్నె కడిగి ఉండేది పొద్దున్నకి. జులూలో ఎన్నిసార్లు పిలిచినా జవాబు మాత్రం లేదు.

ఒక సాయంత్రం నాయన మిల్లునుంచి వస్తూనే చెప్పాడు, "వెనక తోట ఇవాళే కాలుస్తా ఉంది. బట్టలు లోపల పెట్టండి."

అత్త చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. వెనకాలే అవ్వ, నేను. చేను చివర మనుషులు కిరసనాయిలు డబ్బాలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ మేస్త్రీ, సర్దారు, గాలి చూస్తున్నాడు.

"లోపల మనుషులు ఉంది. నేను వచ్చేదాకా అగ్గిపుల్ల గీయొద్దు," అంది అత్త.

"సిస్టర్, గాలి ఇప్పుడు బాగుంది. తిరిగితే మీ ఇళ్ళ మీదికే వస్తది."

"గీస్తే నన్ను కూడా కాలుస్తావు," అని చేలోకి దూరింది. ఆమె వెనక ఆకులు కలుసుకుపోయాయి. "ఫుమానీ, ఉమ్లిలో ఉయెజా," బయటికి రండి, మంటొస్తోంది అని ఆమె గొంతు వినిపించింది. తర్వాత ఇంకా దూరంగా. తర్వాత వినపడలేదు. సర్దారు టోపీ తీసి చేత పట్టుకున్నాడు. పిట్టలు కూడా అరవడం లేదు. అప్పుడు చేను మధ్యలో పూలు గాలికి ఎదురు దిక్కున ఒరగడం చూశాను. ఆ ఒరుపు మెల్లగా, వంకరటింకరగా, మా వైపే వస్తోంది. అవ్వ నా కళ్ళు మూసింది. ఆమె వేళ్ళ సందుల్లోంచే చూశాను.

ముందు అత్త, ముఖమంతా ఆకు కోతలతో. ఆమె వీపు మీద ఒక ముసలామె. వెనక, ఎర్ర ఊలు దుప్పటి కప్పుకుని నా ఈడు పిల్ల. దుప్పటి అంచు విడిపోయి ఉంది, నడుమ బాణం దూరినంత గుండ్రటి చిల్లు. లోయలో ఇల్లు కాలిన రాత్రి, తాతను చంపేశాక, అవ్వా మనవరాలూ నడుచుకుంటూ వచ్చి ఆ చేలో దాక్కున్నారట. పిల్ల పేరు నోమ్సా.

ఆ రాత్రి మా వంటింట్లో, పొయ్యి దగ్గర, అత్త ఆ పిల్లను జులూలో అడిగింది, బాణాలు ఎందుకు తెచ్చి పెట్టావని. నోమ్సా చాలాసేపు అత్త చేతులు చూసి, నెమ్మదిగా చెప్పింది. అత్త మాకు తెలుగులో చెప్పింది.

"బాణం వెతుక్కుంటా ఎవరూ లోపలికి రాకూడదని తెచ్చిందంట. నేను పౌడర్ వేసి చూసేది చూసిందంట. ఈక చెడిపోతేనే వాళ్ళ వైపు వస్తా ఉందని తెలిసిందంట. బాగుచేసి ఇస్తే... ఇంక అది కొట్టదు అనుకుందంట వాళ్ళని."

అవ్వ లేచి, తన పళ్ళెంలో అన్నం ఆ పిల్ల పళ్ళెంలో వేసింది. అత్త కత్తెరతో విల్లు తాడు కోసేసింది.

చలికాలం పోయేదాకా వాళ్ళు మా పెరటి గదిలో ఉన్నారు. నోమ్సా త్రీ టిన్స్‌లో నన్ను ఎప్పుడూ ఓడించేది. చేను కాలిన తర్వాత అటువైపు బోడిగా, కొండదాకా కనిపించేది. అయినా ఆమె ఏ రోజూ అటు వీపు పెట్టి కూర్చోలేదు. ఉమ్లాజీనుంచి వాళ్ళ పెద్దమ్మ వచ్చి తీసుకెళ్ళింది. తర్వాత ఏమైందో తెలియదు.

చెల్లెలింటినుంచి వస్తూ నేను కారు స్టాంగర్ వైపు తిప్పాను. రోడ్డు పక్కన చేలు లేవు. మసి రేకలు ఎవరి బట్టల మీదా వాలవు. అవ్వ పోయింది, రాజమ్మత్త పోయింది, "పిల్లా" అని నన్ను పిలిచే గొంతు ఆ దారిలో ఒక్కటీ లేదు. మా ఇళ్ళ వరుస ఉన్నచోటు నుంచి కొండదాకా ఒకే గోడ, గోడ మీద కరెంటు తీగలు, లోపల ఒకేలా ఉన్న తెల్లటి ఇళ్ళు. గేటు దగ్గర కాపలా అమ్మాయి కిటికీ దాకా వచ్చి, ఏ నంబరు ఇంటికి వెళ్ళాలని మర్యాదగా అడిగింది. మా ఇంటికి నంబరు ఉండేది కాదు. కారు వెనక్కి తిప్పాను.