దిమ్మ కింది ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు మాట ఒక్కటే ఉండేది. బస్సు, రేడియో, లైటు లాంటివి తెలుగే అనుకునేవాళ్లం కాబట్టి అవి లెక్కలోకి రావు. ఆ ఒక్క మాట శాంపిల్. అది మా తాతయ్యది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక వ్యాపారి కొట్లో ఆయన పని చేసేవారు. రైతులు తెచ్చిన దిమ్మలను చిన్న ఉలితో కోసి, కొనేవాళ్లకు ముక్క చూపించాలి. సంతకం పెట్టడం రాదు గానీ, రోజుకు నూరుసార్లు శాంపిల్ అనేవారు.

ఆ మాటకు అర్థం నేను నేర్చుకున్న వైనం గురించి పోయినేడు నేను చదివిన బడి వార్షికోత్సవంలో మైకు పట్టుకుని ఒక కథ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ కథలో సగం అబద్ధం. యాభై దాటాక ఇప్పుడైనా దాన్ని సరిదిద్దాలని ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను ఏడో తరగతి. ఇంగ్లీషులో వరసగా రెండు పరీక్షలు తప్పాను. మా నాన్న చెరకు రైతు. వీణ్ణి బడి మానిపించి పొలానికి తీసుకుపోతానని మా ఇంగ్లీషు మాష్టారికి చెప్పేశారు. నెలాఖరున తనిఖీ ఉంది, అందులో వీడేం చెప్తాడో చూసేదాకా ఆగమని మాష్టారు బతిమాలుకున్నారు. తనిఖీ రోజుకు ప్రతి పిల్లాడూ ఒక ఇంగ్లీషు నామవాచకం, దాని అర్థం, దాని వాడుక నేర్చుకు రావాలి. నాకు బడి మానడం ఇష్టం లేదు. చదువు మీద ప్రేమ అని మైకులో అన్నాను. అదీ నిజం కాదు. నా స్నేహితులంతా అక్కడే ఉన్నారు, అంతే.

నాకు తెలిసిన మాట ఒక్కటే కదా, దాన్నే ఎంచుకున్నాను. శాంపిల్ అంటే ఊరికే తినమని ఇచ్చే మంచి ముక్క అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. తనిఖీకి వచ్చే అధికారికి ఇవ్వడానికి వంటింట్లో ఉన్న దిమ్మ మీద నుంచి పసుపుపచ్చటి ముక్క ఒకటి కోసి పెట్టమని తాతయ్యను అడిగాను. ఆయన భుజం మీద తువ్వాలు జారిపోయేలా నవ్వారు.

"ఒరే బాబూ, అది శాంపిలు కాదురా. అది మన గొప్ప."

అడిగిన ముక్క కోసిచ్చారు. తరవాత దిమ్మను తిరగేసి, అడుగు నుంచి ఇంకో ముక్క తీశారు. అది కాస్త ఎర్రగా ఉంది. రెండూ నా అరచేతిలో పెట్టారు.

"పైముక్క రైతు నీకు సూపించాలనుకున్నది. శాంపిలంటే ఎవుడూ ఏరి పెట్టకూడదు. నా సెయ్యి ఎక్కడ పడితే అక్కడ కొయ్యాలి. అప్పుడే ఈ ముక్క దిమ్మ మాట సెప్తాది. మొన్న మీ నానమ్మకి ఆసుపత్రిలో రక్తం తీసేరు కదా. మంచి రక్తం ఏరి తీసేరేటి?"

ఏ పుస్తకం చెప్పినా నాకు అంత బాగా అర్థమయ్యేది కాదు. మర్నాడు మాష్టారిని అడిగితే, ఆ మాట తరవాత ఆఫ్ పెట్టి దేని ముక్కో చెప్పాలన్నారు. ఎ శాంపిల్ ఆఫ్ జాగరీ, ఎ శాంపిల్ ఆఫ్ బ్లడ్ అని దారి పొడుగునా వల్లించుకున్నాను.

తనిఖీ రోజున మాష్టారు బాగా చదివే అయిదుగురిని ముందు బెంచీలో కూర్చోబెట్టారు. అధికారి వాళ్లను దాటుకుంటూ నేరుగా చివరి బెంచీ దాకా వచ్చి, నన్ను లేవమన్నారు. మాష్టారి మొహం సుద్దముక్కలా అయిపోయింది. నేను జేబులోంచి రెండు ముక్కలూ తీశాను. పైది నేను చూపించాలనుకున్నదనీ, శాంపిల్ మాత్రం కిందదేననీ చెప్పి, నేర్చుకున్న వాడుకలు రెండూ అప్పజెప్పాను.

అధికారి కింది ముక్క నోట్లో వేసుకుని కాసేపు చప్పరించారు.

"అయితే ముందు బెంచీ పైముక్క. ఈ క్లాసుకి శాంపిలువి నువ్వన్నమాట" అన్నారు.

క్లాసంతా నవ్వింది. మాష్టారు కూడా నవ్వారు, అందరికంటే ఆలస్యంగా. అప్పుడు అధికారి, ఇదంతా నీకెవరు నేర్పారని అడిగారు. తాతయ్య పేరు నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అధికారి నన్ను చూస్తున్న చూపు ఎంత బాగుందంటే, దాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు.

"నేనే ఆలోచించుకున్నానండి" అన్నాను.

సాయంత్రం మాష్టారు సైకిలు మీద మా ఇంటికే వచ్చి, నాన్నకు నేను తనిఖీలో అన్నదంతా చెప్పి వెళ్లారు. నాన్న తాతయ్య వైపు తిరిగారు.

"ఈడికి నువ్వు సెప్పలేదా?"

"నాకింగిలీసేటి తెలుసురా. ఆడే అనుకున్నాడు" అన్నారు తాతయ్య, ఉలి తువ్వాలుతో తుడుచుకుంటూ.

నాన్న మళ్లీ పొలం మాట ఎత్తలేదు. ఆయన గేదె దగ్గరికి వెళ్లాక తాతయ్య నా చెవి పట్టుకుని మెల్లగా అన్నారు.

"మీ నాన్నకి పైముక్క సూపించేవు. కింద ముక్క ఎప్పుడు సూపిత్తావు?"

కోపంగా కాదు, నవ్వుతూనే. నేనూ నవ్వేశాను. తాతయ్య బతికి ఉండగా చూపించలేదు. పరవాడలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చాక కూడా, కొత్తగా చేరిన వాళ్లకు ఈ కథ నా తెలివిగానే చెప్పేవాణ్ణి. అక్కడ నా పనేమిటో తెలుసా? శాంపిళ్లు తీయడం.

మైకులో చెప్పి వచ్చిన రోజు నుంచీ ఆ చప్పట్లు చెవిలో గుచ్చుకుంటూనే ఉన్నాయి. అందుకే పోయిన ఆదివారం, ఎనభై దాటిన మా నాన్న పక్కన కూర్చుని, ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను. ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. పళ్లు లేని నోటితో నవ్వారు.

"నాకా రోజే తెలుసురా. నీ సొక్కా జేబులో మిగిలిపోయిన ముక్క మీ అమ్మ తీసి సూపించింది. కోత సూసేను. మా అయ్యది తప్ప అంత నున్నగా కోసే సెయ్యి మార్కెట్లోనే లేదు, ఇంక నీదేటి?"

"మరెందుకు ఊరుకున్నావు నాన్నా?"

"నువ్వేదో పొడిసేసేవని కాదు. మా అయ్య నోట అబద్ధం నాను ఇనడం అదే మొదలు. ఎవుడి దిమ్మనీ మంచిదని బొంకని మనిషి, నీకోసం బొంకేడు. ఆ తరవాత నాను బడి మానిపిత్తానేటి?"

ఇన్నాళ్లూ నా జవాబే నన్ను బడిలో ఉంచిందనుకున్నాను.

ఇప్పుడు పొడి మందు డ్రమ్ము మూత తీసినప్పుడల్లా, పైన మెరిసేది వదిలేసి పొడుగాటి గొట్టాన్ని అడుగు దాకా దించుతాను. అంత కిందికి ఎందుకు, ఇది మీకెవరు నేర్పారని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతూ ఉంటారు. ఆ రోజు అధికారి అడిగిన ప్రశ్నే. మా తాతయ్య, అంటున్నాను.