చెవులు వినపడతాయా అని అడగలేదు

పక్కింటివాళ్లు వరండాకు మాచర్ల బండలు వేయిస్తున్నారు. పొద్దున్నుంచీ బండలు కోసే మిషను రొదకు పళ్లు జిల్లుమంటున్నాయి. టీ తీసుకెళ్లి "ఇదిగో బాబాయ్" అని నాలుగుసార్లు పిలిచినా ఆ మేస్త్రీ తల తిప్పలేదు. భుజం తడితే నవ్వి గ్లాసు అందుకున్నాడు. సుశీలమ్మ సిస్టర్ గుర్తొచ్చింది.

నరసరావుపేటలో ఓ చిన్న ఆసుపత్రిలో నేను కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరినప్పుడు, ఐసీయూ అంతా ఆవిడ చేతిమీదుగా నడిచేది. స్పృహ లేని మనిషికి గంటగంటకూ మార్కులు వేయాలి. కళ్లు తెరిచాడా, మాట్లాడాడా, చెప్పినట్టు చెయ్యి కదిపాడా అని చూడాలి. అన్నీ బాగుంటే పదిహేను, ఏమీ లేకపోతే మూడు. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు, దాంతో బోలెడంత పొగరు. ఆవిడ మాత్రం ముందు తలుపు దగ్గర నిలబడ్డ ఇంటివాళ్లను పట్టుకునేది. ఇంట్లో ఏమని పిలుస్తారు, చూపు ఎట్టా ఉంది, చెవులు వినపడతాయా అని అడిగేది.

"ఏంది సిస్టర్, పెళ్లిసంబంధం చూస్తున్నారా?" అని నవ్వాను ఒకసారి.

"మనిషెవరో తెలవకుండా మార్కులెట్టా వేస్తావే, తిక్కదానా?"

ఆవిడ సెలవు పెట్టిన రోజునే బెల్లంకొండ వైపు నుంచి ఒకతన్ని తెచ్చారు. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఇంటివాళ్లను అడగటం సిస్టర్ చాదస్తమనుకున్నాను. అతని చెవి దగ్గర "కళ్లు తెరువు, నా చెయ్యి పట్టుకో" అని అరిచాను. ఉలుకూ పలుకూ లేదు. గోరు మీద నొక్కితే కళ్లు తెరిచి చెయ్యి లాక్కున్నాడు. ఏడు వేశాను. తర్వాతి గంటల్లోనూ అదే ఏడు. ఆ కాగితం చూసి డాక్టరుగారు ఆశ పెట్టుకోవద్దన్నారు. భార్య అతన్ని ఇంటికి తీసుకెళ్లిపోయింది.

మర్నాడు సిస్టర్ ఆ కాగితం చూసి వెంటనే అతని భార్యకు ఫోను చేసి, చెవులు వినపడతాయా అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"చెవులా? బండల మిషను కాడ చేసి చేసి ఎప్పుడో పోయినయ్యమ్మా. భుజం తట్టి సైగ చేస్తేనే పలుకుతాడు. ఇందాక చెయ్యి చాపితే పట్టుకున్నాడు కూడా."

"ఉన్నపళాన తీసుకురా తల్లీ" అని సిస్టర్ అంబులెన్సు పంపింది. దారిలోనే పోయాడు.

"ఎవరు రాశారిది?" అని డాక్టరుగారు కేకలేశారు. "నా వార్డు సార్. తప్పు నాదే" అంది సిస్టర్. నేను పక్క మంచం దగ్గరకు జరిగి సెలైను సీసా సర్దటం మొదలుపెట్టాను. ఆ నెలాఖరుకే ఆవిడను పొమ్మన్నారు. వెళ్లేటప్పుడు నన్ను తిట్టనైనా తిట్టలేదు, "అడగటం మానమాక" అంది, అంతే. మాచర్లలో కూతురి దగ్గర ఉంటోందని తెలిసీ, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుంటూ కాలం గడిపాను. చివరికి పోయిందన్న కబురే వచ్చింది.

ఇప్పుడు కొత్త నర్సులకు నేనే పని నేర్పుతున్నాను. తలుపు దగ్గర ఇంటివాళ్లను నిలబెట్టి అన్నీ అడుగుతుంటే పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అప్పుడు వాళ్లకు సిస్టర్ సంగతీ, బెల్లంకొండ మనిషి సంగతీ చెబుతాను. ఆ ఏడు వేసిందెవరని అడిగితే మాత్రం, ఎవరో ఒకమ్మాయి అనే చెబుతున్నాను, ఇప్పటికీ.