మాస్టారు రెండోసారి అన్న మాట

నిన్న సాయంత్రం మా వీధి చివర ఎన్నికల సభ జరిగింది. మైకు గరగరలో మాటలేమీ తెలియలేదు. ఉన్నట్టుండి జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు కిటికీలోంచి లోపలికి రాగానే నా చెవులు వేడెక్కాయి. ఇంత వయసొచ్చినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు. రాఘవయ్య మాస్టారు గుర్తొచ్చారు.

తెల్లవాళ్ళు ఇంకా వెళ్ళని ఆ నలభైల్లో ఆయన గురజాలలో మాకు చరిత్ర చెప్పేవారు. తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏ రాజు గురించి చెప్పినా చివర "ఇదంతా చెప్పిందెవర్రా? గెలిచినోళ్ళా, ఓడినోళ్ళా?" అని అడగందే పుస్తకం మూసేవారు కాదు. పల్నాటి యుద్ధం పాఠం రోజున, ఆనాడు మంత్రిగా పెత్తనం చేసిన నాయకురాలి ప్రస్తావన రాగానే వెనక బెంచీవాడొకడు, "ఊళ్ళు కూల్చిన ఆడది మాస్టారూ" అన్నాడు. అందరూ నావైపు చూసి కిసుక్కుమన్నారు.

"ఆమె తరపున పాడినోళ్ళు ఎవరన్నా ఉన్నారంట్రా?" అన్నారు మాస్టారు. తానే జవాబు చెప్పారు: "లేరు గదా. అయితే మనం విన్నది సగమే."

ఆ రోజు తలెత్తుకుని ఇంటికి వెళ్ళాను. చరిత్రే చదవాలని అనుకున్నదీ ఆ రోజే.

తర్వాతి ఏడాది ఆయన ఉద్యోగం మానేసి ఎన్నికల్లో నిలబడ్డారు. పోటీకి దిగింది సుభద్రమ్మగారు. భర్త పోయాక పొలం తానే చేయించుకుంటూ, ఇంటి అరుగు మీద ఆడపిల్లలకు చదువు చెప్పించిన మనిషి. నన్ను బడికి పంపమని మా నాన్నతో వాదించి ఒప్పించింది ఆవిడే.

సభ ఆవిడ ఇంటి ఎదుటి సంత బయలులోనే పెట్టారు. మాస్టారు సాగునీటి గురించి, పన్నుల గురించి ఎంతో బాగా చెప్పారు. జనం మాత్రం ఒక్కొక్కరే లేచిపోతున్నారు. అప్పుడాయన గొంతు మార్చి, "ఒక నాయకురాలు చేసిన నిర్వాకం చాల్లేదంటయ్యా మన పల్నాడుకి? మళ్ళీ ఇంకో ఆడపెత్తనం కావాలా?" అన్నారు.

లేచినవాళ్ళు కూర్చున్నారు. బయలంతా నవ్వింది. నా పక్కన మా నాన్నా నవ్వాడు. మాస్టారి చూపు నా మీద పడి ఆగింది. నీళ్ళ గ్లాసు అందుకున్నారు, తాగారు, కింద పెట్టారు. అదే మాట మళ్ళీ అన్నారు, ఈసారి ఇంకా గట్టిగా. ఎదురింట్లో సుభద్రమ్మగారు అరుగు మీద నుంచి లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన గెలిచారు. ఆవిడ బయటికొస్తే పిల్లలు వెనకనుంచి "నాయకురాలు, నాయకురాలు" అని కేకలేసేవారు. కొన్నాళ్ళకు అరుగు మీద చదువూ ఆగిపోయింది.

ఒకనాడు మాస్టారు నాన్నను చూడటానికి మా ఇంటికి వచ్చారు. మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ముఖం చూడలేదు.

"ఏంది అమ్మాయ్, మాట్లాడవా?" అన్నారు.

"ఆ రోజు ఆ మాట చెప్పిందెవరు మాస్టారూ? గెలిచినోళ్ళా, ఓడినోళ్ళా?"

"ఏమే" అని నాన్న కసిరాడు. మాస్టారు చేత్తో వారించారు. గ్లాసు కింద పెడుతూ, "గెలవాలనుకున్నోడమ్మా" అన్నారు. మజ్జిగ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు.

నేనూ చరిత్ర టీచర్నయ్యాను. ఆయన ప్రశ్ననే నా బడిపిల్లలను అడుగుతూ వచ్చాను. అది ఎవరి ప్రశ్నో మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

నిన్న సభ నుంచి వచ్చిన మనవరాలిని, "ఎవరి మీదే అంతలా నవ్వారు?" అని అడిగాను.

"ఏమో అమ్మమ్మా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను" అంది.

చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళాను. ఎవరింటి తలుపులు మూసి ఉన్నాయో చూసుకుంటూ ఆ చివరిదాకా నడిచాను.