బొలెస్టా రెండోసారి తట్టిన తలుపు

తోరున్ ఊళ్ళో పళ్ళ డాక్టరు సెవెరిన్‌కి పియానో రాదు. ఆయన జన్మలో వేసిన తాళమల్లా ఇంటి తలుపుకి వేసిందే. అయినా షోపాన్ కట్టిన మజూర్కా అనే నాట్యపు పాటని ఎవరెలా వాయించాలో ఆయనంత గట్టిగా చెప్పేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాడు ఎదురు చెప్పలేడు కదా, అదీ ఆయన ధీమా.

"ఎడమ చెయ్యి ఉందే, అది వేళకి ఆఫీసుకి పోయే మొగుడు. కుడి చెయ్యి పెళ్ళాం. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి కబుర్లు చెబుతుంది. అయినా భోజనం వేళకి ఇద్దరూ ఒక్కసారే ఇల్లు చేరతారు. వాయించడమంటే అదీ! ఊ, ఉమ్మెయ్యండి," అనేవాడు.

ఆయన భార్య అపొలోనియా. పంటినొప్పులు తీర్చే పునీతురాలి పేరు. ఆ పేరు చెవినపడగానే, పిల్ల మొహమైనా చూడకుండా సంబంధం ఖాయం చేసుకున్న ఘనుడాయన. ముద్దుగా పోలా అంటాడు.

ఇంట్లో అలమర నిండా రికార్డులే. ఆయన ప్రాణం మాత్రం ఒక్కదాని మీదే ఉండేది. బొలెస్టా అనే ముసలాయన వాయించిన మజూర్కాల రికార్డది. ఏటా సెవెరిన్ అనే పునీతుడి పండగ వస్తే ఆ పేరున్నవాళ్ళ ఇంటికి చుట్టాలు పిలవకుండానే వచ్చేస్తారు. వచ్చినవాళ్ళ ఎదురుగా గసగసాల కేకు, ఉప్పుచేప, చెర్రీ సారా అన్నీ ఉంటాయి. కానీ రికార్డు పూర్తయ్యేదాకా ఎవరైనా పన్ను కదిపారో, డాక్టరు చూసే చూపుకి ఆ పన్నే ఊడి పడాలి.

"అదిగో వస్తోంది... ఇదిగో!" అని వేలెత్తేవాడు. "విన్నారా? అందరూ పియానో మీద ఆ మాట ఒక్కసారే అని ఊరుకుంటారు. బొలెస్టా ఒక్కడే రెండోసారి అంటాడు. తలుపు తట్టాడు, తియ్యలేదు. సిగ్గు విడిచి మళ్ళీ తట్టాడు! ఎంత గుండె ఉండాలి!"

అక్కడికి రాగానే పోలా అన్నయ్య హిపొలిట్ రుమాలు తీసి కళ్ళొత్తుకునేవాడు. మందులకొట్టు నడుపుతాడు, దగ్గుమందు ధర చెప్పేటప్పుడు మాత్రం ఆ కన్నీళ్ళు రావు. డాక్టరు మేనత్త యూఫెమియా మొదటి స్వరానికే గురక మొదలుపెట్టి, సరిగ్గా ఆ రెండో తట్టుకి లేచి, "కేకు కోశారా?" అనేది.

పోలా ఒక్కతే తలెత్తేది కాదు.

ఎందుకంటే, తట్టింది బొలెస్టా కాదు. కాపురానికొచ్చిన కొత్తల్లో, మొగుడు ఆసుపత్రిలో పళ్ళు పీకుతుండగా, పోలా ఆ రికార్డు పెట్టుకుని తుడుపుకర్రతో నాట్యం చేసింది. ఓ సుడి తిరిగేసరికి నడుం గ్రామఫోను ఉన్న బల్లకి తగిలింది. ముల్లు కీచుమని రికార్డు మీద గీత పెట్టింది. ఆనాటి నుంచీ అక్కడికి రాగానే ముల్లు ఒక్క అడుగు వెనక్కి దూకి, అన్న మాటే అని, ముందుకి పోతోంది. ఆ సాయంత్రమే చెప్పేద్దామని ఆవిడ నోరు తెరిచింది. ఈలోగా రికార్డు పెట్టుకుని వింటున్న ఆయన ఎగిరి గంతేసి, "పోలా! విన్నావా! ఇన్నాళ్ళూ నా చెవులు ఏం చేస్తున్నాయి?" అన్నాడు. తెరిచిన నోరు మూసుకుంది పాపం. నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేసే నిజం తన కడుపులోనే ఉందని ఏటా ఆ పండగకి ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఈ ఏడు హిపొలిట్ మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "బావా! నీది అరిగి గరగరలాడుతోంది. వార్సాలో కొట్టుకొట్టూ గాలించి అదే రికార్డు, కొత్తది పట్టుకొచ్చా. పెట్టు!"

పోలా చేపపళ్ళెం ముందుకి తోసింది. "ముందు తినండి అన్నయ్యా, చేప చల్లారిపోతుంది."

"ఉప్పుచేప చల్లారడమేమిటే? అదెప్పుడు వేడిగా ఉంది కనక?"

రికార్డు పెట్టారు. అత్తయ్య గురక అందుకుంది. ఆ చోటు వచ్చింది. బొలెస్టా తట్టాడు. తట్టి, తన దారిన తాను చక్కా పోయాడు. రెండోదాని కోసం ముందుకి వంగిన తలలన్నీ అలాగే ఉండిపోయాయి. హిపొలిట్ రుమాలు కంటికీ జేబుకీ మధ్యన ఆగింది. పాట అయిపోయింది, ఆ పక్క మొత్తం అయిపోయింది, అత్తయ్య మాత్రం లేవలేదు.

"అయ్యయ్యో, అత్తయ్యకేమైంది!" అని అందరూ కలిసి కుదిపారు.

"ఏం తొందరర్రా!" అని ఆవిడ కసురుకుంది. "వాడింకా రెండోసారి తట్టందే!"

హిపొలిట్ మండిపడ్డాడు. "చూశారా మోసం! ఆ కొట్టువాడు పాడు రికార్డు అంటగట్టాడు. నడిమధ్య ముక్కే మింగేశారు!" అవునంటే అవునని చుట్టాలందరూ ఆ కొట్టువాణ్ణి నానా తిట్లూ తిట్టారు. పోలా బెదురుతూ మొగుడి వైపు చూసింది. ఎన్నడూ నోరు మూయని మనిషి, తల వంచుకుని కేకు కోస్తున్నాడు.

అందరూ వెళ్ళాక పోలా గిన్నెలు వదిలేసి ఆయన ముందు నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏమండీ, మీకో మాట చెప్పాలి. తిట్టినా సరే. ఆ రెండోసారి తట్టింది బొలెస్టా కాదు."

"కాదు. నీ నడుం," అన్నాడు సెవెరిన్.

ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఆవేళ పన్ను పీకించుకోవాల్సినవాడు భయపడి రాలేదు. తొందరగా ఇంటికొచ్చి తలుపు తోస్తే నువ్వూ, తుడుపుకర్రా! నీ కంట పడకుండా అంతా చూసి వెనక్కి పోయా. నాట్యానికి ముందు దానికి ఎంత మర్యాదగా వంగి నమస్కారం పెట్టావే! నాకెప్పుడైనా పెట్టావా?"

"మరి ఇన్నేళ్ళూ అందరి ముందూ ఆ గొప్పలు..."

"మొదట్లో నిన్ను ఏడిపిద్దామనే అన్నా. ఎప్పుడు బయటపడతావా అని చూశా. నువ్వు కిక్కురుమనలేదు. వినగా వినగా నాకే నిజంగా బాగుందే పోలా. ఇవాళ అది లేకుండా వింటే ఇల్లు ఖాళీ అయినట్టు అనిపించింది."

పోలా ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. ఆయన లేచి కొత్త రికార్డు మళ్ళీ మొదటినుంచి పెట్టి, ముల్లు ఆనించి, వంటింట్లోంచి తుడుపుకర్ర తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

"పాతది అరిగిపోయింది, పై ఏటి పండగదాకా ఉండదు. కానియ్యి, దీనికీ నడుం తగిలించు."

"సిగ్గులేకపోతే సరి! అప్పటి నడుమేనా ఇది? ఇప్పుడు తగిలితే బల్ల మిగలదు!"

సెవెరిన్ బల్లకి అటువైపు వెళ్ళి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుకున్నాలే, రా," అన్నాడు.