గీడనే ఉన్న బడి

ఒక్క ఆంగ్ల నామవాచకం నా తొలి ఉద్యోగాన్ని ఎలా మింగిందో మీకు మనవి చేస్తాను. నవ్వదలచుకున్నవారు ఇప్పటి నుంచే నవ్వవచ్చు; ఈ కథలో చివరికి బాగుపడేది ఏదీ లేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన ఆ రోజుల్లో, భూపాలపల్లిలోని ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ ఉపాధ్యాయుడి కొలువుకు వెళ్లాను. బస్సులు బంద్ అయినా బడికి రాగలవాడే కావాలని కరస్పాండెంట్ గారి షరతు. మా ఊరు టేకుమట్ల అవతల. బస్సెక్కగానే నిద్రపోయే అలవాటు వల్ల అది ఎంత దూరమో నాకు తెలియదు. అయినా మా వైపు ఏ ఊరైనా "గీడనే", అంటే ఇక్కడే. ఆ గీడనేకు గౌరవప్రదమైన ఇంగ్లిష్ వెతికి, మా ఊరు "క్లోజ్ ప్రాక్సిమిటీ"లో ఉందని విన్నవించాను.

"ప్రాక్సిమిటీ అంటెనే దగ్గరుండుడు. ముంగట క్లోజ్ ఎందుకు? తీసెయ్," అన్నారాయన.

తీసేశాను. కొలువు ఇచ్చారు.

వారం తిరగకముందే బస్సులు ఆగిపోయాయి. కోడి కూతతో నడక మొదలుపెట్టి, నేను బడి చేరేసరికి పిల్లలు సంచులు భుజాన వేసుకుని ఎదురొచ్చి నమస్కరించారు. కరస్పాండెంట్ గారు తిట్టలేదు. మోటారు సైకిల్ బయటికి తీశారు.

"కూసో. నీ ప్రాక్సిమిటీ చూసొద్దాం."

మా ఊరు ఎంత దూరమని దారి పొడవునా విచారించారు. బర్రెలు కాసే తాత గీడనే అన్నాడు. పత్తి ఏరే అక్కలు గీడనే అన్నారు. రాస్తారోకో చేస్తున్నవారు మా ఇద్దరి చేతా జై తెలంగాణ అనిపించి, గీడనే అంటూ దారి వదిలారు. పెట్రోలు మాత్రం వీరెవరితోనూ ఏకీభవించలేదు. మిగిలిన దారంతా బండిని నేను నెట్టాను. ఆయన నన్నే చూస్తూ నడిచారు.

వాకిట్లో మా బాపు ఎదురయ్యాడు. నా కొలువు ఇక ఆయన నాలుక మీదే ఉంది. కళ్లతో బతిమాలాను.

"మీవోడి బడి ఎంత దూరం, పెద్దమనిషీ?"

"గీడనే సారు," అన్నాడు బాపు, నిండు నమ్మకంతో. "కోడి కూతకు ఎల్లితే బడి ఇడిసే యాళ్లకు చేరుతడు."

మా అవ్వ ఇచ్చిన నీళ్లు తాగి, సారు చెంబు కింద పెట్టారు. "మొన్న క్లోజ్ తీసేయించిన. ఇయ్యాల ప్రాక్సిమిటీ గుడ తీసేస్తున్న. ఇగ మిగిలింది నువ్వే, తమ్మీ."

ఆ ఖాళీ పెట్రోలు ట్యాంకు మీద చేయి వేసి ప్రమాణం చేశాను: నడిచి కొలవనిదే దేన్నీ, ఏ భాషలోనూ, దగ్గర అనను; మా ఇంట్లో ఎవరినీ అననివ్వను. అంతలో సారు పెట్రోలు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. బాపు ఉత్సాహంగా నోరు తెరిచాడు.

నేను చేత్తో మూశాను.